ఈ ఫొటో ఎక్కడికి పోతుంది?

మొదటి రోజు, నిపోమో

తెల్లవారుజామున ఐదింటికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కారెక్కాం, నేనూ మా తమ్ముడూ. వాడు ఫ్రెస్నోలో ఎం.ఎస్. చదువుతున్నాడు, ఇప్పుడు సెలవులు, స్పానిష్ కొంచెం వచ్చు, డ్రైవింగ్ నాకంటే బాగా చేస్తాడు, అందుకే వెంటబెట్టుకున్నాను. ఆరు రోజుల ప్రయాణం. ఆఫీసులో లీవు అడిగితే యోసెమిటీకా, టాహోకా అన్నారు. నిపోమోకి అన్నాను. ఆ పేరు ఎవరికీ తెలియదు.

ఊరి పేరు తెలియకపోయినా అక్కడ తీసిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. మాసిన గుడారంలో ఒక తల్లి కూర్చుని ఉంటుంది, చెయ్యి చెంప దగ్గర పెట్టుకుని ఎటో చూస్తుంటుంది, ఇద్దరు పిల్లలు చెరో భుజం మీద తల వాల్చి మొహాలు అటు తిప్పుకుని ఉంటారు, ఒళ్లో చంటిపాప. 1936లో డొరొతియా లాంగ్ తీసిన ఫొటో అది, 'మైగ్రెంట్ మదర్' అంటారు, అంటే వలస తల్లి. ఆ కరువు రోజుల్లో అమెరికా ప్రభుత్వం పల్లెల కష్టాన్ని ఫొటోలు తీయించడానికి ఒక విభాగమే నడిపింది. రాయ్ స్ట్రైకర్ దాని పెద్ద. వాకర్ ఇవాన్స్, ఆర్థర్ రోత్‌స్టీన్, రస్సెల్ లీ, తర్వాత వచ్చిన గోర్డన్ పార్క్స్, వీళ్లంతా ఆయన దగ్గర పనిచేసినవాళ్లే. సుమారు 1,75,000 బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లు ఇప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. జనం డబ్బుతో తీసినవి కాబట్టి ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. పిల్లలు పడుకున్నాక రాత్రిళ్లు వాటిని చూడటం నాకు ఐదేళ్లుగా అలవాటు. చూసి చూసి ఒకసారి ఆ నేల మీద నిలబడాలనిపించింది.

లాంగ్ ఆ రోజు నెల రోజుల పని ముగించుకుని వానలో ఒంటరిగా కారు నడుపుకుంటూ ఇంటికి పోతోంది. దారిలో బఠాణీ కూలీల క్యాంపు అన్న బోర్డు కనబడింది. ఆగలేదు. ఇరవై మైళ్లు పోయాక మనసొప్పక వెనక్కి తిరిగింది. చలికీ వానకీ బఠాణీ పంట పాడైపోయి, కోతకని వచ్చిన వేలమంది పని లేక ఆ బురదలో ఇరుక్కుపోయి ఉన్నారు. గుడారంలో ఉన్న ఆ తల్లి దగ్గర లాంగ్ గడిపింది పది నిమిషాలే. వయసు అడిగింది, 32 అని చెప్పింది ఆమె. పేరు అడగలేదు. మామూలుగా లాంగ్ అలా చేసే మనిషి కాదు, ఎవరితో మాట్లాడినా కారు దగ్గరకొచ్చి వాళ్ల మాటలు నోట్‌బుక్‌లో రాసుకునేది. ఆ రోజు అలిసిపోయి ఉంది.

ఆ ఫొటోలు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో వార్తతో పాటు వచ్చాక ప్రభుత్వం ఆ క్యాంపుకి 20,000 పౌండ్ల తిండి పంపింది. అది చేరేసరికి ఆ తల్లీపిల్లలు అక్కడ లేరు, పని వెతుక్కుంటూ ముందుకు వెళ్లిపోయారు.

ఇప్పటి నిపోమో చల్లని ఊరు. జూన్‌లో కూడా పదకొండు దాకా మంచు దిగి ఉంది. యూకలిప్టస్ చెట్ల వరసలు, మధ్యలో కొత్త ఇళ్లు. లాంగ్ పేరు మీద ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. ఊరి చుట్టూ, సాంటా మరియా వైపు, కనుచూపు మేర స్ట్రాబెర్రీ తోటలు. బఠాణీ పోయి స్ట్రాబెర్రీ వచ్చింది, నడుం వంచే పని అదే. చిన్న బండి తోసుకుంటూ, సాళ్ల మధ్య వంగి, ఎర్రబడినవి మాత్రమే కోసి డబ్బాల్లో సర్ది, ఎనిమిది డబ్బాల పెట్టె నిండగానే చివరిదాకా పరుగెత్తి లెక్క రాయించుకుని మళ్లీ సాల్లోకి వస్తారు. పెట్టెకింత అని డబ్బు ఉంటే నడవరు, పరుగెత్తుతారు.

నేను రోడ్డు పక్కన కారాపించి పెద్ద లెన్స్‌తో ఒకావిడ ఫొటో తీశాను. మొహానికి రుమాలు కట్టుకుని, టోపీ పెట్టుకుని ఉంది, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. క్లిక్ చప్పుడు అంత దూరం వినబడదు. కానీ ఆవిడ తలెత్తి సూటిగా నన్నే చూసింది, రుమాలు ఇంకా పైకి లాక్కుంది.

భోజనం వేళకి వాళ్లు గట్టు మీదకొచ్చినప్పుడు నేను వెళ్లి క్షమించమన్నాను. ఇక్కడ చాలామంది మెక్సికోలోని ఓహాకా నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో మిష్టెకో మాట్లాడతారు, స్పానిష్ వాళ్లకి రెండో భాష. మా తమ్ముడి అరకొర స్పానిష్, ఆవిడ ఆచితూచి మాట్లాడే స్పానిష్, మధ్యలో నేను. ఆవిడ కోప్పడలేదు. ఒక్క మాట అడిగింది.

"ఏమంటోందిరా?"

"ఈ ఫొటో ఎక్కడికి పోతుంది అని అడుగుతోందక్కా."

నా దగ్గర జవాబు లేదు. నా హార్డ్‌డిస్క్‌లోకి, ఆ తర్వాత ఎక్కడికో. కెమెరా ఆవిడ చేతికిచ్చి, ఆవిడ చూస్తుండగానే డిలీట్ చేశాను. వెనక్కొచ్చేటప్పుడు ఒక చిన్న డబ్బా పళ్లు చేతిలో పెట్టింది.

రాత్రి మోటెల్‌లో నిద్ర పట్టలేదు. మాది అనంతపురం జిల్లా. ఊళ్లో గంజి కేంద్రం పెట్టిన ఏడాది, ఎవరో కెమెరాతో వచ్చి బోరింగు దగ్గర ఖాళీ బిందెతో కూర్చున్న మా అవ్వ ఫొటో తీసుకుపోయారు. అది పేపర్లో పడింది. కింద "కరువు కోరల్లో వృద్ధురాలు" అని రాశారు. అవ్వ పేరు లేదు. ఊళ్లో ఎవరో ఆ పేపరు చదివి చెప్తే, అవ్వ చాలా రోజులు అడుగుతూనే ఉండింది, నా పటం నాకియ్యరా అని. ఆ బిందె ఖాళీగా ఉన్న మాట నిజమే, కానీ ఆ ఏడాది ఇంట్లో ఏడుగురం ఆకలితో పడుకోకుండా చూసింది అవ్వే. ఊరిలోని ఆడవాళ్లను పోగుచేసి, ట్యాంకరు వచ్చినప్పుడు కొట్లాట లేకుండా వంతులు పెట్టింది కూడా అవ్వే. ఫొటోలో ఇవేవీ పడలేదు. ఈ సంగతి తమ్ముడికి అంతగా గుర్తులేదు, అప్పుడు వాడు చాలా చిన్నోడు. నేను చెప్తుంటే గోడకు తిరిగి పడుకుని విన్నాడు.

రెండో రోజు, ఆర్విన్

166వ నంబరు రోడ్డు మీద తూర్పుకి. కొండలు దాటాక క్యుయామా లోయ, అక్కడ మైళ్లకొద్దీ క్యారెట్, ఆ తర్వాత మళ్లీ ఎండిన గుట్టలు. మారికోపా దిగేసరికి కారు అద్దం మీద చెయ్యి పెట్టలేం. ఆర్విన్ చేరేసరికి 104 డిగ్రీలు, మన లెక్కలో 40. నాకు ఆ ఎండ కొత్త కాదు, ఒక రకంగా ఇంటికొచ్చినట్టుంది. ఎండదెబ్బ తగలకుండా పొలం పని చేసేవాళ్లకి నీడ, నీళ్లు, విరామం ఇవ్వాలన్న నిబంధన కాలిఫోర్నియా పెట్టింది 2005లోనే.

ఊరి పక్కన వీడ్‌ప్యాచ్ దగ్గర ఒక పాత క్యాంపు ఉంది. 1930లలో ఓక్లహోమా, టెక్సస్, ఆర్కాన్సా నుంచి దుమ్ము తుపానులకీ అప్పులకీ భూములు పోగొట్టుకుని వచ్చినవాళ్లు కాలువ గట్ల మీద, వంతెనల కింద పడుకుంటుంటే ప్రభుత్వం కట్టిన క్యాంపు ఇది. వాళ్లందరినీ "ఓకీ"లు అని చిన్నచూపు చూసేవాళ్లు. క్యాంపు మేనేజరు టామ్ కాలిన్స్ మంచి పద్ధతి పెట్టాడు. కాపలాదారు పెత్తనం కాదు, ఉండేవాళ్లే కమిటీని ఎన్నుకోవాలి, శుభ్రం, తగాదాలు, పిల్లల ఆటలు, శనివారం డాన్సు, అన్నీ వాళ్లే చూసుకోవాలి. అప్పటి భవనాల్లో హాలు, లైబ్రరీ, పోస్టాఫీసు మూడూ మిగిలాయి. చెక్క గోడలు, సాదా కప్పులు. లాంగ్ కూడా 1936లో ఈ క్యాంపు ఫొటోలు తీసింది, కానీ ఆ ఫొటోలను గుర్తుపట్టేవాళ్లు తక్కువ.

పక్కనే బడి కథ ఇంకా గొప్పది. ఓకీ పిల్లల్ని ఊరి బడుల్లో వెక్కిరిస్తూ వెనక కూర్చోబెడుతుంటే, జిల్లా విద్యాధికారి లియో హార్ట్ 1940లో వాళ్లకోసం వేరే బడి పెట్టాడు. డబ్బులు లేవు. పిల్లలు, టీచర్లు కలిసి గదులు కట్టుకున్నారు, కూరగాయలు పండించుకున్నారు, పశువుల్ని పెంచారు, ఈతకొలను కూడా తవ్వుకున్నారు. కొన్నాళ్లకి ఊరి పిల్లలే ఈ బడికి వస్తామన్నారు. తమ్ముడు ఈత దగ్గర ఆగిపోయాడు. "ఈతకొలనా? వాళ్లే తవ్వుకున్నారా?" అని రెండుసార్లు అడిగాడు.

పాత భవనాల పక్కన ఇప్పటికీ వలస కూలీల క్వార్టర్లు నడుస్తున్నాయి. సీజనులో తెరుస్తారు, అయిపోగానే ఖాళీ చెయ్యాలి. ఆఫీసులో అడిగి లోపలికి వెళ్లాం. సాయంత్రం ఐదు, మగవాళ్లు పని నుంచి వచ్చారు. చెట్టు కింద ఒక పాత వ్యాను బానెట్ ఎత్తి ఐదుగురు చుట్టూ నిలబడ్డారు, ఒకడు తల లోపల పెట్టాడు, ఇంకొకడు ఫోన్ టార్చి పట్టుకున్నాడు, ఒక పిల్లాడు పానాలు అందిస్తున్నాడు. ఆ బండి ఒకరిదే, కానీ దాంట్లో ఏడుగురు పనికి పోతారు, కాబట్టి అది ఏడుగురి బండి.

అక్కడ నిలబడి నాకు నిపోమో ఫొటో గుర్తొచ్చింది. దాంట్లో మగవాళ్లు ఎందుకు లేరో తెలుసా? ఆ కుటుంబం అక్కడికి ఉండడానికి రాలేదు. 101 రోడ్డు మీద కారు టైమింగ్ చైన్ తెగి, ఎలాగో ఆ క్యాంపులోకి తోసుకొచ్చారు. లాంగ్ వచ్చిన ఆ పది నిమిషాల్లో ఇంటాయన, పెద్ద పిల్లలు కారు బాగుచేయించే పని మీద ఊళ్లోకి వెళ్లారు. అంటే ఫొటోలో కనబడే దిగులు నిజమే, కానీ అదే నిమిషంలో ఫ్రేము బయట ఆ ఇల్లు బండి బాగుచేసుకుని ముందుకుపోయే పనిలో ఉంది. ఆమె టైర్లు అమ్ముకుని తిండి కొన్నదని లాంగ్ తర్వాత రాసింది. టైర్లు అమ్మలేదని కుటుంబం చెప్పింది. నిజమే కదా, టైర్లు అమ్ముకుంటే మర్నాడు ఎలా పోతారు?

ఈసారి ముందే అడిగాను. ఎక్కడికి పోతుందో కూడా చెప్పాను, ఒక కాపీ మీకు, ఒకటి నాకు, పేరు వెయ్యమంటేనే వేస్తాను. బండి ఓనరు టెక్సస్ సరిహద్దు ఊరి నుంచి ప్రతి ఏడాదీ వచ్చే మనిషి, యాభై ఉంటాయి. నా నోట్‌బుక్ తీసుకుని తనే అడ్రసు రాశాడు, గది నంబరుతో సహా. రాసి, "అక్టోబరు లోపల పంపు, తర్వాత మేం ఇక్కడ ఉండం" అన్నాడు. వ్యాను స్టార్టయినప్పుడు ఐదుగురూ చేతులు పైకెత్తారు, ఆ ఫ్రేము వచ్చింది, కొంచెం షేకయింది, అయినా అదే నాకు ఇష్టమైనది.

మూడో రోజు, డెలానో

99 రోడ్డు మీద ఉత్తరానికి గంట ప్రయాణం. నిపోమో తల్లి ఒకప్పుడు బేకర్స్‌ఫీల్డ్‌లో వంతెన కింద కూడా ఉన్నామని పెద్దయ్యాక చెప్పింది. ఆ ఊరు దాటేటప్పుడు వచ్చిన ప్రతి వంతెన కిందికీ చూశాను. ఇప్పుడు కూడా గుడారాలున్నాయి. ఆగలేదు, కెమెరా బ్యాగులోంచి తియ్యలేదు.

డెలానో ద్రాక్ష ఊరు. ఇక్కడ ఫిలిప్పీన్స్ కూలీలు తమ హాల్లో కూర్చుని తీర్మానం చేసి, 1965 సెప్టెంబరు 8న సమ్మె మొదలుపెట్టారు. నాయకుడు లారీ ఇట్లియాంగ్, పని ప్రమాదంలో మూడు వేళ్లు పోగొట్టుకున్న మనిషి. వారం తర్వాత సెసార్ చావెజ్, డొలోరెస్ హుయెర్తా ఉన్న మెక్సికన్ కూలీల సంఘం కూడా కలిసింది. ఐదేళ్లు నడిచింది. 1970 జులై 29న ద్రాక్ష తోటల యజమానులు ఇక్కడే, ఫార్టీ ఏకర్స్ అనే చోట, ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు.

ఫార్టీ ఏకర్స్ బయటనుంచి చూస్తే పెద్దగా ఏం లేదు, గార్సెస్ హైవే పక్కన కొన్ని తెల్లని భవనాలు, పాత పెట్రోలు బంకు. ఆ బంకు కూడా సంఘానిదే, కూలీలు బండ్లు చౌకగా బాగుచేసుకోవడానికి పెట్టుకున్నది. నిన్నటి వ్యాను గుర్తొచ్చి తమ్ముడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది వెనకున్న అగ్బయానీ విలేజ్, ముసలి కూలీల కోసం కట్టిన ఇల్లు. యవ్వనంలో ఫిలిప్పీన్స్ నుంచి ఒంటరిగా వచ్చిన కూలీలు వాళ్లు. తెల్లవాళ్లను పెళ్లి చేసుకోకూడదని కాలిఫోర్నియా చట్టం 1948 దాకా అడ్డుపడింది, వాళ్ల దేశపు ఆడవాళ్లు ఇక్కడ చాలా తక్కువ, దాంతో ఎంతోమంది పెళ్లీ పిల్లలూ లేకుండానే ముసలివాళ్లయ్యారు. వాళ్లను అందరూ "మనోంగ్" అంటారు, అంటే అన్న. పని చెయ్యలేని వయసొచ్చాక, సమ్మె చేసినందుకు కూలి క్యాంపుల్లోంచి గెంటేస్తే, వాళ్లకోసం ఎక్కడెక్కడి నుంచో వలంటీర్లు వచ్చి ఇటుక ఇటుక పేర్చి ఈ ఇల్లు కట్టారు. 1974లో తెరిచారు. పికెటింగ్‌లో గుండె ఆగి చనిపోయిన పావ్లో అగ్బయానీ పేరు పెట్టారు. పెళ్లాం బిడ్డలు లేనివాళ్లకి సంఘమే ఇల్లు కట్టడం! పెంకుల వరండా మీద ఎర్రటి నీడ పడుతుంటే నేను ఫొటోలు తీయకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ సమ్మె ఫొటోలు తీసినవాళ్లలో జాన్ లూయిస్ ఒకడు. 1966లో వచ్చి, చూసి వెళ్లిపోకుండా వాళ్లతోనే ఉండిపోయాడు, సాక్రమెంటో దాకా నడిచిన యాత్రలో వాళ్లతో నడిచాడు. అప్పట్లో సంఘం వలంటీర్లకి దక్కేది వారానికి 5 డాలర్లు. ఆయన ఫొటోల్లో జనం కెమెరాను పట్టించుకోరు, ఎందుకంటే ఆయన రోజూ అక్కడే ఉండేవాడు. పది నిమిషాల్లో గొప్ప ఫొటో రావచ్చు, వచ్చింది కూడా. కానీ నవ్వుతున్న, వాదించుకుంటున్న, పొయ్యి దగ్గర పెద్ద గిన్నె కలుపుతున్న కూలీ ఫొటో రావాలంటే అక్కడ ఉండాలి.

నాలుగో రోజు, అలెన్స్‌వర్త్

ఈ రోజు తక్కువ ఫొటోలు. డెలానో నుంచి అరగంట, చుట్టూ చదునైన నేల, రైలు పట్టాలు, గాలి. 1908లో కర్నల్ అలెన్ అలెన్స్‌వర్త్ మొదలుపెట్టిన ఊరు. ఆయన 1842లో కెంటకీలో బానిసగా పుట్టాడు, పారిపోయి అంతర్యుద్ధంలో చేరాడు, సైన్యంలో మతబోధకుడుగా లెఫ్టినెంట్ కర్నల్ దాకా ఎదిగాడు. నల్లవాళ్లు తమ డబ్బుతో, తమ పాలనలో నడుపుకునే ఊరు కావాలన్నాడు. బడి, లైబ్రరీ, హోటలు, దుకాణాలు కట్టుకున్నారు. రైలు ఆగడం మానేసింది, నీళ్లు ఇస్తామన్నవాళ్లు చాలినన్ని ఇవ్వలేదు, 1914లో కర్నల్ మోటార్‌సైకిల్ గుద్ది చనిపోయాడు. ఆ పాత భవనాలు ఇప్పుడు ప్రభుత్వ పార్కు. బడి గదిలో బల్లలు, నల్లబల్ల, గంట అన్నీ పెట్టి ఉన్నాయి, ఎవరూ లేరు.

పార్కు పక్కనే బతికున్న ఊరు, సుమారు 500 మంది, ఎక్కువమంది పొలం పనివాళ్లు. బావి నీళ్లలో ఆర్సెనిక్ విషం. నూరేళ్లు దాటినా ఆ ఊరికి నీళ్ల గొడవే. 2023 మార్చిలో మటుకు నీళ్లు ఎక్కువై ముంచబోయాయి. ఎప్పుడో ఎండిపోయి పొలాలుగా మారిన టులారే సరస్సు వరదలకు మళ్లీ లేచింది. ఊరి జనం పారలు, ఇసుక బస్తాలు, ట్రాక్టర్లు పట్టుకుని రాత్రిళ్లు కట్టలు వేసుకున్నారు. దుకాణం దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన ఆ కట్ట ఎక్కడుందో చెయ్యి చూపించాడు. నేను వెళ్లి చూశాను. మోకాలెత్తు మట్టి, మీద గడ్డి మొలిచింది. ఫొటో తీస్తే అది మట్టికట్టలాగే ఉంటుంది. అందుకే పెద్దాయన్ని రమ్మని అడిగి, ఆయన పార ఎక్కడ పెట్టాడో అక్కడే నిలబడమన్నాను. మర్చిపోకుండా పోస్టు బాక్సు నంబరు రాసుకున్నాను.

ఐదో రోజు, ఈస్ట్ పోర్టర్‌విల్

ఇక్కడికి రావాలని నేను ప్రయాణానికి ముందే గట్టిగా అనుకున్నాను. 2014 కరువులో ఈ ఊరి ఇళ్ల బావులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఊరు మునిసిపాలిటీ కింద లేదు, కుళాయి లేదు, ఇంటింటికీ సొంత బావి, అదీ లోతు తక్కువ. చుట్టూ పెద్ద తోటలవాళ్లు వందల అడుగుల బోర్లు వేస్తూ పోతుంటే ఇంటి బావి ఎంతసేపు నిలుస్తుంది? మా ఊళ్లో కూడా ఇదే కథ, డబ్బున్నవాడి బోరు కిందకి పోయేకొద్దీ పక్కవాడి బావి పాడుబడింది. కాలిఫోర్నియాలో భూగర్భ జలాల మీద రాష్ట్రమంతటికీ చట్టం వచ్చింది 2014లోనే, అంతకుముందు ఎంత తోడినా అడిగేవాళ్లు తక్కువ. ఈ టులారే కౌంటీ దేశంలోనే వ్యవసాయం అత్యధికంగా పండే కౌంటీల్లో ఒకటి. అలాంటి చోట పాత్రలు కడగడానికి నీళ్లు లేక జనం బకెట్లు పట్టుకుని తిరిగారు.

ఆ రోజుల్లో సొంత బావి ఎండిపోయిన ఒక పెద్దావిడ, చుట్టుపక్కల ఎవరికి నీళ్లు లేవో ఇంటింటికీ తిరిగి లిస్టు రాసుకుంది. తన పికప్‌లో నీళ్ల సీసాలు పెట్టుకుని పంచింది. ఒక చర్చి పార్కింగ్‌లో స్నానాల గదులు పెట్టారు. తర్వాత ఇళ్ల ముందు 2,500 గ్యాలన్ల నల్లటి ట్యాంకులొచ్చాయి. 2016 నుంచి పోర్టర్‌విల్ పట్టణం పైపులకి ఇళ్లను కలపడం మొదలుపెట్టి, 2018కి వందల ఇళ్లకి కుళాయి ఇచ్చారు.

ఇంటి ముందు నిమ్మచెట్టుకి నీళ్లు పెడుతున్న ఒకావిడ నా కెమెరా చూసి తనే పిలిచింది. అరవై దాటిన మనిషి, నారింజ పళ్ల ప్యాకింగ్‌లో చాలా ఏళ్లు పనిచేసిందట. లోపలికి రమ్మని కుర్చీలేసి చల్లటి నీళ్లిచ్చింది. ఆ ఊళ్లో గ్లాసు నీళ్లు ఇస్తే ఎలా తాగాలో నాకు తెలియలేదు. ఒక్క చుక్క వదల్లేదు.

ఆవిడ చెప్పిన మాట తమ్ముడు తెలుగులో చెప్తుంటే నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. "మా బావి ఎండినప్పుడు ఎక్కడెక్కడి నుంచో ఫొటోలు తీసేవాళ్లొచ్చారు. ఖాళీ బకెట్‌తో నిలబడు అన్నారు, నిలబడ్డాను. కుళాయి కలిపిన రోజు మాత్రం ఎవరూ రాలేదు."

"ఆ రోజు మీరేం చేశారు?" అని అడిగించాను.

ఆవిడ నవ్వింది. పొద్దున్నే లేచి కుళాయి తిప్పి, అది పారుతుంటే ఊరికే చూస్తూ నిలబడిందట, మనవరాలు వచ్చి నీళ్లు వృథా అవుతున్నాయి ఆపు అనేదాకా. ఆ తర్వాత కరువులో చచ్చిపోయిన నిమ్మచెట్టు తీసేసి కొత్తది నాటింది.

ఫొటో ఎక్కడ తియ్యమంటారు అని నేనే అడిగాను. కుళాయి దగ్గర వద్దంది, చెట్టు దగ్గర అంది. లోపలికి పోయి తల దువ్వుకుని, మంచి బ్లౌజు వేసుకుని, మనవరాలిని కూడా పిలుచుకుని వచ్చింది. ఇద్దరూ చెట్టుకి అటూ ఇటూ నిలబడ్డారు. మా వైపు స్టూడియోలో పటం తీయించుకునేటప్పుడు పెద్దవాళ్లు ఎలా బిగుసుకుని నిలబడేవాళ్లో అచ్చం అలాగే. సహజంగా ఉండండి అని చెప్పబోయి ఊరుకున్నాను. తన ఫొటోలో ఎలా ఉండాలో ఆవిడకి తెలుసు.

సాయంత్రం ఎక్సెటర్ మీదుగా వచ్చాం. మాట్ బ్లాక్ అనే ఫొటోగ్రాఫరు ఉండే ఊరు అది. ఆయన ఈ లోయ మనిషే, ఇక్కడి పేదరికాన్ని ఏళ్ల తరబడి ఫొటోలు తీసి, 2014 నుంచి దేశమంతా తిరిగాడు, 46 రాష్ట్రాలు, లక్ష మైళ్లకు పైనే. పేదరికం 20 శాతం దాటిన ఊళ్లను కలుపుకుంటూ పోతే, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రెండు గంటలకంటే ఎక్కువ డ్రైవింగ్ లేకుండా అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకి పోవచ్చని ఆయన తన ప్రయాణంతో చూపించాడు. ఆయన బ్లాక్ అండ్ వైట్ చాలా చీకటిగా ఉంటుంది, చూస్తే గుండె పట్టేస్తుంది. అవసరమైన పని, నేను గౌరవిస్తాను. ఈ రోజు మాత్రం నిమ్మచెట్టు రంగులోనే తీశాను.

ఆరో రోజు, హ్యూసన్

మోడెస్టో దగ్గర చిన్న ఊరు, బాదం తోటల మధ్య. లేక్‌వుడ్ శ్మశానవాటికలో నిపోమో తల్లి సమాధి ఉంది.

ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, మోడెస్టో పత్రిక విలేఖరి ఒకాయన వెతికి పట్టుకున్నాక. ఫొటో తీసిన 42 ఏళ్లకి. లాంగ్ 1965లోనే పోయింది. తెల్లజాతి రైతు బిడ్డ అనుకున్న ఆ తల్లి ఓక్లహోమాలో పుట్టిన చెరోకీ అని కూడా అప్పుడే చాలామందికి తెలిసింది. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేది, దానివల్ల నాకు ఒక్క పైసా రాలేదు, ఒక కాపీ పంపుతానంది, పంపలేదు అని ఆమె బాధపడింది. పక్కన నిలబడ్డ కూతురు క్యాథరిన్ కూడా, ఆ ఫొటో మేమేనని ఎవరికీ చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లం అని పెద్దయ్యాక చెప్పింది. లాంగ్‌కి కూడా దాని మీద హక్కుల డబ్బు రాలేదు, అది ప్రభుత్వానిది. డబ్బు ఒక ఎత్తు, కాపీ ఒక ఎత్తు. మా అవ్వ అడిగిందీ పటమే.

1979లో బిల్ గాంజెల్ అనే ఫొటోగ్రాఫరు మోడెస్టో వచ్చి ఆమెనీ ముగ్గురు కూతుళ్లనీ కలిపి ఇంకో ఫొటో తీశాడు, ఈసారి పేర్లతో. పిల్లలు ఆమెకి ఇల్లు కొనిచ్చినా, కింద చక్రాలున్న మొబైల్ హోమే నయమని దాంట్లోకి మారిపోయిందట. 1983లో ఆమె జబ్బుపడితే పిల్లలు వైద్యానికి సాయం అడిగారు. దేశమంతటి నుంచీ ఉత్తరాలొచ్చాయి, 35,000 డాలర్ల దాకా పోగయ్యాయి. 47 ఏళ్ల తర్వాత ఆ ఫొటో ఆమెకి ఏదో కొంత తెచ్చింది. సెప్టెంబరులో చనిపోయింది.

రాయి మీద పేరు పైన ఉంది. కింద ఫొటో పేరు, అమెరికా మాతృత్వపు బలానికి గుర్తు అన్న అర్థంలో ఒక వాక్యం. తమ్ముడు వంగి ఎండుటాకులు తీసేశాడు.

"అక్కా, తీస్తావా?"

"వద్దులేరా" అన్నాను. దారిలో కొన్న పూలు పెట్టాం. ఎండ మొదలయ్యేలోపు బయల్దేరి, వాణ్ణి బస్సెక్కించి ఇంటికొచ్చాను.

తర్వాతి ఆదివారం

మొత్తం 412 ఫ్రేములు, నోట్‌బుక్‌లో 14 అడ్రసులు. ఫొటో షాపులో ఐదు ఏడు సైజులో, మ్యాట్ పేపరు మీద వేయించాను. వెనక పెన్సిలుతో తారీకు, ఊరు, వాళ్లు చెప్పినట్టుగా వాళ్ల పేరు. నిమ్మచెట్టు ఫొటో ఆవిడకి రెండు కాపీలు, మనవరాలికి వేరే కావాలంది. అలెన్స్‌వర్త్ పెద్దాయనకి కట్ట ఫొటో ఒకటి, పార పట్టుకుని నవ్వింది ఒకటి. ఆర్విన్ కవరు అన్నిటికంటే ముందు కట్టి శుక్రవారమే పోస్టు చేశాను, దాంట్లో ఐదుగురికీ ఐదు కాపీలు, పానాలు అందించిన పిల్లాడికి ఆరోది.